పూల్ కౌంటీలో దీపాల లెక్క

మా నాన్నగారు అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు మూడు గ్రామాలకు కరణంగా పనిచేశారు. వాటిలో రెండింటిలోనే మనుషులు ఉండేవారు. మూడవది బేచిరాగ్ గ్రామం. పారసీలో 'బే' అంటే లేనిది, 'చిరాగ్' అంటే దీపం. పొద్దు గూకాక దీపం పెట్టే ఇల్లు ఒక్కటి కూడా లేని ఊరిని రెవెన్యూ లెక్కలలో ఆ మాటతో రాస్తారు. ఆ ఊరికి పేరుంది, సర్వే నంబర్లున్నాయి, పొలిమేర రాళ్ళున్నాయి, పైకప్పు పోయిన ఆంజనేయస్వామి గుడి ఉంది, పూడిపోయిన ఊరబావి ఉంది; మనుషులు మాత్రం ధాత కరువులో, అంటే 1876 నుంచి రెండు మూడేళ్ళపాటు సాగిన ఆ మహా క్షామంలో, కొందరు చనిపోయి, కొందరు వలసపోయి, మళ్ళీ తిరిగి రాలేదని పెద్దలు చెప్పుకునేవారు.

మనిషి లేని ఆ ఊరికి కూడా నాన్నగారు ఏటా అడంగల్ రాసేవారు. ఏ నంబరులో పక్క ఊరి రైతు కొర్ర వేశాడో, ఏది బీడుగా పడి ఉందో, ఏది బంజరో, ఏది వాగు పోరంబోకో, అన్నీ స్వయంగా నడిచి చూసి, జమాబందీకి, అంటే ఏటా జరిగే రెవెన్యూ లెక్కల తనిఖీకి, మిగిలిన రెండు ఊళ్ళ లెక్కలతో పాటు దాన్నీ పట్టుకెళ్ళేవారు. సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకుపోయేవారు. మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట పాతిన రాయిని ఆయన ట్రైజంక్షన్ రాయి అనేవారు. ఆ రాయి దగ్గరకు వెళ్ళినప్పుడల్లా చుట్టూ మొలిచిన కంపను కొడవలితో కొట్టి, పైన చేరిన మట్టిని అరచేత్తో తుడిచి, ఒరగకుండా నిలిచి ఉన్నదో లేదో వంగి చూసి గాని కదిలేవారు కారు. 1984లో రాష్ట్ర ప్రభుత్వం కరణీకాలను రద్దు చేసినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆయన రికార్డులన్నీ పద్దు ప్రకారం అప్పగించి ఇంటికి వచ్చారు. సొంతంగా రాసుకున్న ఒక నోటు పుస్తకం మాత్రం ఆయన దగ్గర మిగిలింది.

ఇరవై ఏళ్ళ తరువాత, 2004లో, సర్వే పని మీద నేను ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ అనే గనుల పట్టణానికి వెళ్ళి అక్కడ రెండేళ్ళకు పైగా ఉన్నాను. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న ఆ పట్టణం చుట్టూ ఉండేదంతా గొర్రెల నేల. పాత భూమి పటాలలో గీసిన హద్దులకూ, నేల మీద నిజంగా ఉన్న కంచెలకూ ఎంత తేడా ఉన్నదో ఉపగ్రహ పరికరాలతో కొలిచి సరిచూడటం మా పని. నేను పనిచేసిన చిన్న కార్యాలయంలో, పొడవాటి సొరుగుల్లో, గుడ్డ అంటించిన పాత పటాల నకళ్ళు ఉండేవి. మొదటి రోజు ఒక సొరుగు లాగి చూసి, అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. పటం మీద దూరాలు గొలుసులలోనూ లింకులలోనూ రాసి ఉన్నాయి. అరవై ఆరు అడుగుల గొలుసు, వంద లింకులు, పది చదరపు గొలుసులకు ఒక ఎకరం. ఇవి నాకు పలకా బలపంతోపాటే వచ్చిన లెక్కలు. మద్రాసు రాజధానిలో మా తాతల కాలపు పొలాలను కొలిచిన గుంటర్ గొలుసే ఇక్కడా నేలను కొలిచింది.

ఆ రాష్ట్రమంతటినీ పటాల కోసం 141 కౌంటీలుగా, వాటిని మళ్ళీ ఏడు వేలకు పైగా పారిష్‌లుగా విభజించారు. పారిష్ అంటే ఇంగ్లండులో ఒక చర్చి, దానికొక గురువు, ఆ గురువు చూసుకునే జనం. మన తెలుగు కతోలికులు దాన్ని విచారణ అంటారు, ఆ మాటలోనే ఒకరిని ఒకరు కనిపెట్టుకుని ఉండటం ఉంది. పడమటి ఎడారి అంచున గీసిన పారిష్‌లలో చాలావాటికి చర్చి లేదు, గురువు లేడు, కనిపెట్టుకుని ఉండటానికి జనమూ లేరు. గీతలు గీసి, పేర్లు పెట్టి, భూమి పత్రాలలో వాడుకున్నారు, అంతే. అక్కడ పుట్టి పెరిగినవారిని అడిగినా తాము ఏ కౌంటీలో ఉన్నారో చాలామంది చెప్పలేరు. తమ స్టేషన్ పేరు, అంటే వేల ఎకరాల ఆ గొర్రెల కమతం పేరు చెబుతారు. దగ్గర పట్టణం ఎన్ని గంటల ప్రయాణమో చెబుతారు.

ఒక కౌంటీ పేరు మాత్రం గడియారం చట్టంలో ఇప్పటికీ బతికి ఉంది. బ్రోకెన్ హిల్ ఉన్న యాంకోవిన్నా కౌంటీ తన రాష్ట్రపు గడియారాన్ని పాటించదు. పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియా వేళను పాటిస్తుంది. 1888 నాటికే ఆ పట్టణానికి అడిలైడ్ వైపు నుంచి రైలు వచ్చింది, సొంత రాజధాని సిడ్నీతో రైలు కలిసింది మాత్రం 1927లో. వ్యాపారం ఎటు ఉంటే గడియారమూ అటే తిరిగింది. దీనివల్ల నాకు ఒక మేలు జరిగింది. మన దేశపు వేళకూ అక్కడి వేళకూ సరిగ్గా నాలుగు గంటల తేడా, వేసవిలో అయిదు; అరగంటల గొడవ లేదు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి నేను ఫోన్ చేస్తే ఇంట్లో నాలుగు గంటల కాఫీ వేళ అయ్యేది. ఆ ఫోన్లలోనే నాన్నగారికి పూల్ కౌంటీ పరిచయమైంది.

పూల్ కౌంటీ రాష్ట్రానికి వాయవ్య మూల. దాని పడమటి హద్దు 141వ తూర్పు రేఖాంశం, ఉత్తరపు హద్దు 29వ దక్షిణ అక్షాంశం. ఆ రెండు గీతలు కలిసే చోట న్యూ సౌత్ వేల్స్, సౌత్ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్ అనే మూడు రాష్ట్రాలు కలుస్తాయి. సర్వేయర్ జాన్ కామెరాన్ నక్షత్రాలను చూసి అక్షాంశం కట్టుకుంటూ, గొలుసు లాగించుకుంటూ వచ్చి 1880లో అక్కడ ఒక కొయ్య స్తంభం పాతాడు. ఆ చోటును ఇప్పుడు కామెరాన్ కార్నర్ అంటారు. ఆ పాత కొయ్యను తరువాత తీసి టిబూబర్రా అనే చిన్న ఊళ్ళో భద్రపరిచారు. ఈ సంగతి చెప్పగానే నాన్నగారు ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "అయితే అది ట్రైజంక్షన్ అన్నమాట. రాయి పాతకుండా కొయ్య పాతాడేమి?" అని అడిగారు. చేతికి అందేంత దూరంలో రాయి లేదని, ఎర్ర ఇసుక దిబ్బలని చెప్పాను. "పోనీలే నాయనా, కొయ్యయినా పాతాడు" అన్నారు.

నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది వేసవి చివర. బ్రోకెన్ హిల్ నుంచి టిబూబర్రాకు సుమారు 330 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆ మూడు రాష్ట్రాల కూడలికి ఇంకో 140. ఆ రోజుల్లో దారిలో చాలా భాగం మట్టిరోడ్డే. టిబూబర్రా జనాభా రెండు వందల లోపే. గుండ్రటి నల్లరాళ్ళ గుట్టల మధ్య ఒకే వీధి ఉన్న ఊరు. దాన్ని దాటాక గులకరాళ్ళ మైదానం వస్తుంది. ఇనుము రంగు రాళ్ళు పరిచినట్టు కనుచూపు మేర వరకు ఉంటాయి, వాటి మధ్య గడ్డిపరక కూడా కనపడదు. ఆ తరువాత ఎర్ర దిబ్బలు మొదలవుతాయి. ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన కూడా పడని నేల అది. కరువు సీమ అని పేరుబడ్డ మా అనంతపురంలో అంతకు రెట్టింపు పడుతుంది. అయినా నాకు ఆ నేల కొత్తగా అనిపించలేదు. వాన కోసం చూసే నేలకు ఒక వాసన ఉంటుంది, అది రెండు చోట్లా ఒకటే.

కూడలి దగ్గర మూడు హద్దుల కన్నా ముందు కంటికి కనిపించేది కంచె. డింగో అనే అడవికుక్కల నుంచి గొర్రెలను కాపాడటానికి కట్టిన ఆ వల కంచె మూడు రాష్ట్రాల గుండా 5,600 కిలోమీటర్లు సాగుతుంది. పూల్ కౌంటీకి ఉత్తరాన, పడమట రాష్ట్రపు గీత ఎక్కడ ఉందో కంచె కూడా అక్కడే ఉంది. ఇసుక ఎగిరివచ్చి దాన్ని పూడ్చేస్తుంటే, కంగారూలూ ఈమూలూ గుద్ది తెంపుతుంటే, దాని వెంట తిరిగి ఎప్పటికప్పుడు బాగుచేసేవారు ఉంటారు. వారి ఇల్లు ఒకటి ఆ దారిలో చూశాను. చిన్న వరండా, వాననీటి తొట్టి, ఆరవేసిన బట్టలు. వందల మైళ్ళ ఏకాంతంలో ఆ ఆరవేసిన బట్టలు చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకో అప్పుడు నాకే తెలియలేదు.

ఆ వారం ఫోన్‌లో నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని దీపాలు?"

నాకు వెంటనే అర్థమైంది. రాత్రిపూట నా కంటితో చూసినవి చెప్పమంటున్నారు. కంచె వారి ఇల్లు ఒకటి, దక్షిణాన ఒక స్టేషన్ ఇల్లు ఒకటి, కూడలి దగ్గర ప్రయాణికులకు పెట్రోలూ భోజనమూ ఇచ్చే దుకాణం ఒకటి అని చెప్పాను. దుకాణం గీతకు ఏ పక్కన ఉందని అడిగారు. క్వీన్స్‌లాండ్ పక్కన అన్నాను. "అయితే అది మన గ్రామంలోకి రాదు" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మాటల్లో పూల్ కౌంటీ 'మన గ్రామం' అయింది.

ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పడం కోసమే నేను అక్కడి భూమి చట్టాలు శ్రద్ధగా చదివాను. 1884 చట్టంతో ఆ రాష్ట్రాన్ని తూర్పు, మధ్య, పడమటి డివిజన్లుగా మూడు చేశారు. రాష్ట్రంలో అయిదింట రెండు వంతులు పడమటి డివిజనే. అప్పు తెచ్చి గొర్రెలను లక్షలుగా తోలారు. కుందేళ్ళు విస్తరించి పచ్చని పరక మిగలనివ్వలేదు. ఆ మీద 1895 నుంచి 1902 వరకు కరువు. గొర్రెల సంఖ్య సగానికి పైగా పడిపోయింది, పొదలు పోయిన నేల గాలికి లేచిపోయింది. అప్పుడు విచారణ సంఘాన్ని వేసి, 1901లో ఆ డివిజనుకు వేరే చట్టం తెచ్చి, భూమిని అమ్మకుండా కౌలుకు ఇవ్వడం, ఎన్ని జీవాలను మేపవచ్చో కట్టడి చేయడం స్థిరపరిచారు. "శిస్తు ఎంత?", "కరువు ఏడు మాఫీ ఉందా?", "జమాబందీకి ఎవరు వస్తారు?" అని నాన్నగారు ఒక్కొక్కటే అడిగేవారు. ఆ మూలకు పురపాలక సంఘం గాని, మన పంచాయతీ లాంటిది గాని లేదని, సుమారు 93,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతం స్థానిక పాలన లేకుండానే ఉందని చెబితే మాత్రం ఆయన నమ్మలేకపోయారు. అది ఆంధ్రప్రదేశ్ ఇప్పటి విస్తీర్ణంలో సగానికి పైన.

రెండవ ఏడాది చలికాలంలో, ఏళ్ళ తరబడి ఎండిపోయి ఉన్న ఆ నేల మీద ఒక రాత్రి వాన పడింది. మన లెక్కలో అది పెద్ద వాన కాదు, చినుకులు కొంచెం గట్టిగా రెండు గంటలు కురిశాయి. తెల్లవారేసరికి దారులన్నీ మూసేశారు. తడిసిన ఆ మట్టి మీద బండి నడిపితే దారి పాడవుతుందని జరిమానా వేస్తారు. మేము కొలత పనికి వెళ్ళిన స్టేషన్ ఇంట్లోనే మూడు రాత్రులు ఉండిపోయాం. నడివయసు దంపతులు, తొమ్మిదేళ్ళ కూతురు. వాన పడ్డ ఉదయం ఆ ఇల్లాలు వరండాలో చెప్పులు లేకుండా నిలబడి, రేకుల మీద నుంచి తొట్టిలోకి జారే నీటి చప్పుడు వింటూ, లోపలికి రమ్మని భర్త పిలిచినా చాలాసేపు రాలేదు. మా అమ్మ కూడా అలాగే నిలబడేది.

ఆ పాపకు బడి ఇంట్లోనే. బ్రోకెన్ హిల్‌లో 1956లో మొదలైన స్కూల్ ఆఫ్ ది ఎయిర్ పిల్లలకు దశాబ్దాల పాటు రేడియోలో పాఠాలు చెప్పింది. నేను వెళ్ళేనాటికి రేడియో పోయి ఉపగ్రహ ఇంటర్నెట్ కొత్తగా వచ్చింది. పాప చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న టీచరమ్మకు జవాబులు చెప్పేది. జబ్బు చేస్తే ఫ్లయింగ్ డాక్టరు విమానం స్టేషన్ పక్కన చదును చేసిన మట్టి మీద దిగుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు ఉత్తరాల బండి వస్తుంది. ఆ ఇంటివారు ఒంటరితనం గురించి ఒక్కమాట కూడా మాట్లాడలేదు. ధరల గురించి, నీళ్ళ గురించి, పాపను పెద్ద బడికి హాస్టలుకు పంపవలసిన రోజు గురించి మాట్లాడారు.

నేను మా కురుబ కాపరుల గురించి చెప్పాను. మందతో పాటే నడిచి, చేలలో మంద పెట్టి, రొప్పం పక్కన గొంగళి కప్పుకుని పడుకునే మనుషుల గురించి, ఈనిన గొర్రెపిల్లను భుజాన వేసుకుని నడిచే పిల్లవాడి గురించి చెప్పాను. ఇంటాయన నమ్మలేనట్టు విన్నాడు. అక్కడ కంచెలు వచ్చిన పంతొమ్మిదో శతాబ్దంలోనే కాపరి అనే మనిషి లేకుండా పోయాడు. ఒక్కో గొర్రెకు పది ఎకరాలకు పైనే కావలసిన నేలలో మందను కంచెల మధ్య వదిలేస్తారు, ఉన్ని కత్తిరింపుకు ముందు మోటారు సైకిళ్ళతో, ఒక్కోసారి చిన్న విమానంతో వెతికి తోలుకొస్తారు. "రాత్రిపూట గొర్రెల దగ్గర మనిషి పడుకుంటాడా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. రెండవసారి అడిగినప్పుడు ఆయన గొంతులో ఒక కోరిక లాంటిది వినిపించింది.

మూడవ రాత్రి మాటల్లో, ఆ ఇంటి వంటగది గోడను ఎవరు కట్టారో ఆయన చెప్పాడు. తన తాతగారి కాలంలో ఆ నేల మనుషులే, అక్కడ తరతరాలుగా ఉన్న ఆదివాసులే, స్టేషన్లో పశువులను తోలారు, కంచెలు వేశారు, గోడలు కట్టారు. ఆ మూల మల్యాంగపా, వాంగ్కుమారా ప్రజల నేల. 1938లో ప్రభుత్వం టిబూబర్రాలో ఉన్న ఆదివాసీ కుటుంబాలను లారీలలో ఎక్కించి, వందల కిలోమీటర్ల అవతల బ్రెవారినా శిబిరానికి తరలించింది. ఆయన తాతగారు ఆ లారీలను చూశారట. దాని గురించి ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడేవారు కాదన్నాడు. నేను అప్పటివరకు ఆ పటాల మీది ఖాళీని వాన లేకపోవడం వల్ల వచ్చిన ఖాళీ అనుకున్నాను. గొలుసు లాగిన వారు రాకముందు ప్రతి నీటి చెలమకూ, ప్రతి దిబ్బకూ పేరు ఉండేదని, మన రైతుకు తన చెక్కల పేర్లు ఎలా నోటికి వస్తాయో అలా ఆ పేర్లు వచ్చినవారు ఆ నేల మీద నడిచారని, వారిని పేర్లతో సహా బండ్లకెక్కించారని నాకు ఆ రాత్రి తెలిసింది. మా బేచిరాగ్ ఊరిని కరువు ఖాళీ చేసింది. దీన్ని మనుషులే ఖాళీ చేశారు. ఆ సంగతి ఏ పారిష్ పటం మీదా రాసి లేదు.

ఆ ఆదివారం నాన్నగారికి ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఊరుకుని, "వాళ్ళ దీపాలు ఎవరు లెక్క రాశారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

తిరుగు దారిలో మిల్పరింకా అనే ఊరి దగ్గర ఆగి పూల్ సమాధి చూశాను. జేమ్స్ పూల్ అన్న పేరే కౌంటీకి పెట్టారు. ఖండం నడుమ లోతట్టు సముద్రం ఉంటుందని నమ్మి, బండి మీద పడవను కూడా వేసుకుని, తిండి కోసం రెండు వందల గొర్రెలను తోలుకుంటూ 1844లో అడిలైడ్ నుంచి బయలుదేరిన చార్లెస్ స్టర్ట్ బృందానికి అతను రెండవ నాయకుడు. 1845 జనవరి నుంచి జూలై వరకు ముందుకూ వెనక్కూ నీళ్ళు లేక, డిపో గ్లెన్ అనే మడుగు దగ్గర ఆ బృందం చిక్కుకుపోయింది. మనుషులు పనిలేక కుంగిపోకూడదని స్టర్ట్ పక్కనున్న గుట్ట మీద రాళ్ళగుట్టను పేర్పించాడు, అది ఇప్పటికీ ఉంది. పూల్ స్కర్వీ జబ్బుతో మంచం పట్టాడు. జూలైలో వాన పడి దారి తెరుచుకున్నాక అతన్ని వెనక్కు పంపుతుంటే దారిలోనే చనిపోయాడు. వెనక్కు తెచ్చి ఆ మడుగు దగ్గరే ఒక చెట్టు కింద పాతిపెట్టి, చెట్టు మీద అతని పేరు మొదటి అక్షరాలనూ సంవత్సరాన్నీ చెక్కారు. చెట్టు ఇంకా ఉంది. నేను చెక్కిన చోట చేయి పెట్టలేదు. కాసేపు నీడలో కూర్చున్నాను. అక్కడ చిలకలు నీటికి వస్తున్నాయి.

కౌంటీలో కొంత నేల, కూడలి చుట్టుపక్కలది, 1972లో ఏర్పడిన స్టర్ట్ జాతీయ ఉద్యానంలోకి పోయింది. అక్కడ గొర్రెలను తీసేశారు. పాత స్టేషన్ల కత్తిరింపు పాకలు ఉన్ని నూనె వాసన పట్టి అలాగే నిలిచి ఉన్నాయి. నేను వచ్చేసిన చాలా ఏళ్ళకు, కుందేళ్ళనూ పిల్లులనూ నక్కలనూ రానివ్వని కంచె వేసి, ఆ మూల నుంచి నూరేళ్ళ కిందట మాయమైన బిల్బీ వంటి చిన్న జంతువులను మళ్ళీ అక్కడ వదిలారని చదివి, ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. చెప్పడానికి నాన్నగారు లేరు.

ఆయన 2011లో పోయారు. కర్మలు అయ్యాక ట్రంకు పెట్టెలో ఆ నోటు పుస్తకం కనిపించింది. ముందు పుటల్లో మా మూడు ఊళ్ళు, ఇంటింటి లెక్క, బావుల లెక్క. చివరన, కొత్త సిరాతో, వణికిన అక్షరాలతో ఒక పుట ఉంది. పైన 'పూలు కౌంటి' అని రాసి, హద్దులు నాలుగు దిక్కులకూ ఇచ్చారు: ఉత్తరము క్వీన్స్‌లాండు, పశ్చిమము సౌత్ ఆస్ట్రేలియా అని మొదలుపెట్టి. వాయవ్యం మూల ట్రైజంక్షన్, కొయ్య గుర్తు. సాగు లేదు. జీవాలు ఉన్నవి. దీపములు రెండు. ఆ కింద, 1938లో తీసుకుపోయినవారి దీపములు అని రాసి, అంకె వేయవలసిన గడిని ఖాళీగా వదిలారు.

నేను ఆ పుటను చింపలేదు. పూల్ కౌంటీ పటం నకలు నా దగ్గర ఉంటే మడిచి, ఆ పుట పక్కన పెట్టి, పుస్తకాన్ని మళ్ళీ అదే గుడ్డలో చుట్టాను.